కీలుతో మొదలైన కొయ్య రైలింజను

ఆవిరి రైలింజనుకూ కొయ్యకూ పుట్టువైరం. ఇంజను కడుపులో నిప్పు, నిప్పు పైన నీళ్లు, కీలుకీలునా నూనె. కొయ్య నిప్పుకు కాలుతుంది, తడికి ఉబ్బుతుంది, నూనె తాగి నల్లబడుతుంది. అందుకే కొయ్యతో రైలింజను చేయబూనినవాళ్లలో ఎక్కువమంది పైరూపం చెక్కి, నాలుగు చక్రాలు తగిలించి, రంగు వేసి ఊరుకుంటారు. పిల్లలు తాడు కట్టి లాక్కోవడానికి అది చాలు. పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడాలి, దాని వెంట కడ్డీలు తిరగాలి, ఆవిరిని సిలిండరులోకి వదిలే సన్నటి మీటలు కూడా అసలు ఇంజనులో ఏ వరసన కదులుతాయో ఆ వరసనే కదలాలి అంటే మాత్రం అది వేరే పని.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డోవర్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ ఇంటి వెనక ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న చిన్న పనిగదిలో ఒక మిల్లు కార్మికుడు ఆ వేరే పనికి పూనుకున్నాడు. పేరు ఎర్నెస్ట్ వార్థర్. బడి చదువు రెండో తరగతితో ఆగిపోయింది. 1973లో కన్నుమూసేనాటికి ఆవిరి యంత్రాల చరిత్రను వరసగా చెప్పే 64 నమూనాలు అతని చేతి మీదుగా వచ్చాయి. అవి ఎలా వచ్చాయో తెలియాలంటే ఇంజను దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. ఒక పట్టకారు దగ్గర మొదలుపెట్టాలి. దానికి ముందు, రైలింజనుకూ ఇంటి పనిగదికీ, కొయ్యకూ ఉన్న పాత చుట్టరికం గురించి రెండు మాటలు.

ఇనుము కన్నా ముందు

పెద్ద ఇంజను వచ్చాక జనం దాని నమూనాలు చేసుకున్నారని అనుకుంటాం. జరిగింది తలకిందులుగా. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో రెడ్రూత్ అనే ఊళ్లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు ఉండేవాడు. బోల్టన్, వాట్‌ల కంపెనీ తరఫున గనుల్లో ఆవిరి యంత్రాలు నిలబెట్టడం అతని ఉద్యోగం. 1784లో తన ఇంట్లోనే స్పిరిట్ దీపంతో నడిచే మూడు చక్రాల ఆవిరి బండి చేశాడు. దాని పొడవు అర మీటరుకు మించదు. రాత్రివేళ వీధిలోకి వదిలితే అది నిప్పులు కక్కుతూ పరుగెత్తిందనీ, ఎదురొచ్చిన చర్చి ఫాదరు దాన్ని చూసి దయ్యమనుకుని హడలిపోయాడనీ ఆ ఊళ్లో ఇప్పటికీ కథగా చెబుతారు. ఆ పక్క ఊరు కాంబోర్న్‌లో రిచర్డ్ ట్రెవితిక్ కూడా ముందు చిన్న నమూనాలే చేసి చూసుకున్నాడు. ఆ తరవాతే 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కార్ఖానా పట్టాల మీద అతని ఇంజను పది టన్నుల ఇనుమునూ, దాంతోపాటు డెబ్బై మంది మనుషులనూ లాగింది. బల్ల మీది బండి ముందు, పట్టాల మీది బండి తరవాత.

ఇక కొయ్య సంగతి. ఆవిరి ఇంజనులో సిలిండరు, చక్రం, పొగగొట్టం లాంటివి పోత పోయాల్సిన భాగాలు. ఏది పోత పోయాలన్నా ముందు వడ్రంగి దాన్ని కొయ్యలో చేసి ఇవ్వాలి. ఆ కొయ్య రూపాన్ని ఇసుకలో ఒత్తి, మెల్లగా పైకి తీసి, మిగిలిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము చల్లారుతూ అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు దాకా ముడుచుకుపోతుంది. కాబట్టి పోతఖానా వడ్రంగి వాడే కొలబద్ద కూడా వేరు. దాని మీది అడుగు మామూలు అడుగు కంటే ఆ మేరకు పొడుగు. అంటే పట్టాల మీద తిరిగిన ఇనుప ఇంజనులోని పోత భాగాలన్నీ ఒకప్పుడు కొయ్యలో పుట్టినవే. ఇనుము పోయగానే ఆ కొయ్య గోదాములోకి చేరేది. వార్థర్ ఆ కొయ్యనే కడదాకా నిలబెట్టాలనుకున్నాడు.

ఆవుల కాపరి, దేశదిమ్మరి

వార్థర్ 1885లో డోవర్‌లోనే పుట్టాడు. తల్లిదండ్రులు స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. అతనికి మూడేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఐదుగురు పిల్లల సంసారం తల్లి మీద పడింది. పిల్లవాడు కాస్త ఎదగగానే ఊళ్లోవాళ్ల ఆవులను మేతకు తోలుకెళ్లే పనిలో చేరాడు. పొద్దున్నే ఇంటింటి నుంచీ ఆవులను కలుపుకుని వెళ్లడం, చీకటిపడే వేళకు ఎవరివి వాళ్లకు అప్పగించడం. మధ్యలో గంటలకు గంటలు ఖాళీ. ఐదేళ్లప్పుడు దారిలో తుప్పు పట్టిన చాకు ఒకటి దొరికింది. ఆ ఖాళీ గంటలన్నీ చాకుకూ పుల్లలకూ పోయాయి.

అమెరికాలో ఆ రోజుల్లో సరుకు రైళ్లెక్కి పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగే దేశదిమ్మరులు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకడు ఈ కుర్రాడి ఎదుట ఒక పుల్ల తీసుకుని పది గాట్లలో పట్టకారు చేసి చూపించాడు. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మేకు లేదు, జిగురు లేదు, రెండు ముక్కలను తెచ్చి అతికిందీ లేదు.

ఆ కిటుకు ఇది. చదరంగా చెక్కిన పుల్ల నడిమి భాగంలో రెండు వైపుల నుంచీ లెక్కప్రకారం అరలు తొలుస్తారు. తొలవగా మిగిలిన నాలుకలు ఒకదాని సందులో ఒకటి దూరి ఉంటాయి. ఆ తరవాత పైభాగాన్నీ కిందిభాగాన్నీ నిలువునా చీలుస్తారు. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న పుల్ల రెండు కాళ్లుగా విడిపోతుంది. నాలుకలు మాత్రం ఒకదాన్నొకటి వదలవు. చాకు మొన ఎక్కడ ఒక వెంట్రుకవాసి ఎక్కువ దిగినా నాలుక తెగి పుల్ల రెండు ముక్కలవుతుంది. తక్కువ దిగితే కీలు తెరుచుకోదు. కంటికి కనిపించని చోట కత్తి ఎక్కడిదాకా వెళ్లిందో వేలికే తెలియాలి.

మామూలుగా చెక్కడం నేర్చుకునేవాడు గుర్రాన్నో పక్షినో చెక్కుతాడు. అతని కన్ను పైరూపం మీద ఉంటుంది. వార్థర్‌కు మొదటి పాఠమే కదలిక అయింది. కీలు ఎలా ఉండాలి, సందు ఎంత వదలాలి, ఏ దిశలో పీచు ఉంటే తట్టుకుంటుంది అన్నవి రూపం కన్నా ముందే అతనికి పట్టుబడ్డాయి. తరవాత అతను చేసిన ప్రతి ఇంజనుకూ మూలం ఈ వరస మార్పులోనే ఉంది.

పద్నాలుగో ఏట డోవర్‌లోనే ఉక్కు రేకులు చేసే మిల్లులో చేరాడు. అక్కడ ఇరవై మూడేళ్లు పనిచేశాడు. 1910లో ఫ్రీడాను పెళ్లి చేసుకున్నాడు. ఇంటి వెనక పనిగది లేచింది 1912లో. మరుసటి ఏడాది అందులో పట్టకార్ల విద్య పతాకస్థాయికి చేరింది. వాల్‌నట్ కొయ్య దిమ్మ ఒకటి తీసుకుని, పట్టకారు పిడుల్లోంచి చిన్న పట్టకార్లు, వాటి పిడుల్లోంచి ఇంకా చిన్నవి పుట్టేలా చెక్కుకుంటూ పోయాడు. మొత్తం 511 పట్టకార్లు. గాట్లు 31,000. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ తొమ్మిది మెట్లు రెట్టింపు చేసి కూడితే సరిగ్గా 511 వస్తుంది. రెండో తరగతి చదివిన మనిషి ఆ లెక్కను కొయ్యలో వేశాడు. ఒక్క కీలు తెగినా దిమ్మంతా వృథా. ఏదీ తెగలేదు. తరవాత 1933లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ పట్టకార్ల చెట్టును జనం బారులు తీరి చూశారు.

చెట్టు పూర్తయ్యాక ఆ దారిలో వెళ్లడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇంతకంటే కష్టమైన కీళ్లు కావాలి. అవి మిల్లు చుట్టూ, రైలు పట్టాల మీదా రోజూ తిరుగుతూనే ఉన్నాయి.

కీళ్ల పుట్ట

ఆవిరి రైలింజనును పక్క నుంచి చూస్తే కనిపించేవన్నీ కీళ్లే. సిలిండరులో పిస్టన్ ముందుకూ వెనక్కూ పోతుంది. దాని కడ్డీ చివర పట్టాల్లాంటి గాడిలో జారే దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మ నుంచి పొడవాటి కనెక్టింగ్ రాడ్ వెళ్లి చక్రం మీది మేకును పట్టుకుంటుంది. అక్కడ ముందువెనకల కదలిక గుండ్రటి కదలికగా మారుతుంది. ఒక చక్రం నుంచి పక్క చక్రాలకు ఇంకో కడ్డీ. ఇదంతా బండిని లాగే పని. ఆవిరిని ఏ క్షణాన లోపలికి వదలాలి, ఏ క్షణాన ఆపాలి, ముందుకు పోయే బండిని వెనక్కి ఎలా నడపాలి అన్నవి చూసుకునే మీటల గుంపు వేరే ఉంటుంది. బెల్జియం మెకానిక్ ఎజీడ్ వాల్షార్ట్ 1844లో రూపొందించిన అమరికే ఇరవయ్యో శతాబ్దపు ఇంజన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అందులో చక్రం మేకు నుంచి ఒక కదలికనూ, పిస్టన్ దిమ్మ నుంచి ఇంకో కదలికనూ తీసుకుని, రెండింటినీ కలిపి కవాటాన్ని ఆడిస్తారు. ఒక మీట పొడవు కాస్త తేడా వస్తే ఇనుప ఇంజను బొగ్గు ఎక్కువ తింటుంది. కొయ్య ఇంజను అయితే అసలు తిరగకుండా బిగుసుకుంటుంది.

బిగుసుకోవడం ఎందుకంటే, కొయ్య ఇంజనులో ఆవిరి ఉండదు. కింద దాచిన మోటారు పట్టీతో చక్రాలను తిప్పుతుంది. అసలు ఇంజనులో పిస్టన్ చక్రాన్ని తోస్తే, ఇక్కడ చక్రమే పిస్టన్‌ను తోస్తుంది. బలం వెనక నుంచి ముందుకు నడుస్తుంది. ఒక్క కీలు మొరాయించినా ఆ భారమంతా పుల్లంత సన్నటి కడ్డీ మీద పడి విరిగిపోతుంది. పైగా ఇంజనుకు కుడివైపు కడ్డీలు ఎడమవైపు కడ్డీలకు పావుచుట్టు తేడాలో ఉండాలి. రెండూ ఒకేసారి చివరికొస తాకితే నిజమైన ఇంజను అక్కడే ఆగిపోయి కదలలేదు కనుక ఆ ఏర్పాటు. కొయ్య నమూనాలో అన్ని ఇరుసుల మీదా ఆ పావుచుట్టు ఒకేలా కుదరాలి. ఒక ఇరుసు మీద అటూ ఇటూ అయితే చక్రాలను కలిపే కడ్డీ లాగి పట్టేస్తుంది.

వార్థర్ 1913లో ఈ పని మొదలుపెట్టాడు. నచ్చిన ఇంజను ఒకటి చేసి పెట్టుకుందామని అనుకోలేదు. ఆవిరి కథనంతా చెక్కాలనుకున్నాడు. వరసలో మొదటిది రైలింజను కానే కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట అలెగ్జాండ్రియాలో హీరో అనే పండితుడు వర్ణించిన తిరిగే గోళం. నీళ్లు కాగితే రెండు వంకర గొట్టాల్లోంచి ఆవిరి చిమ్మి గోళం గిర్రున తిరుగుతుంది. దాంతో ఏ పనీ జరగలేదు, కానీ ఆవిరి తిప్పగలదని అది చూపించింది. అక్కడి నుంచి తన కాలపు ఇంజన్ల దాకా ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాడు. మధ్యలో తాను పనిచేసిన రేకుల మిల్లును కూడా కొయ్యలో నిలబెట్టాడు. పట్టీలు తిరుగుతుంటే అందులోని కార్మికుల బొమ్మలు చేతులు ఆడిస్తాయి.

తానే చేసుకున్న కత్తి

పని పెద్దదయ్యేకొద్దీ మొదట ఓడిపోయింది కత్తి. గట్టి కొయ్య మీద బజారు చాకు అంచు నాలుగు గాట్లకే మడిగిపోతుంది. మడిగిన అంచు కొయ్యను కోయదు, చింపుతుంది. పుల్లంత సన్నటి కడ్డీ చింపుడుకు నిలవదు. వార్థర్ ఉక్కు మిల్లులో పనిచేసే మనిషి. ఉక్కును ఎంత కాల్చాలో, ఎలా చల్లార్చాలో తెలిసినవాళ్ల మధ్య ఉన్నాడు. తన కత్తిని తానే చేసుకోవడం మొదలుపెట్టాడు. అరచేతిలో నిండుగా ఇమిడే పిడి ఒకటి. దానికి మార్చి మార్చి బిగించుకునే అలుగులు కొన్ని. పొడవాటి కోతకు ఒకటి, మూల తొలవడానికి ఒకటి, గుండ్రటి లోతుకు ఒకటి. గంటల తరబడి చెక్కినా చెయ్యి పిడి పట్టులోనే ఉంటుంది, అలుగు మాత్రం మారుతుంది.

కత్తి చేయడం అతనికి పూర్తిగా కొత్త కూడా కాదు. 1902లో వాళ్లమ్మకు వంటింట్లో మంచి కత్తి లేదని కూరగాయలు తరుక్కునే చిన్న కత్తి చేసి ఇచ్చాడు. ఆమె చేతిలో చూసిన ఇరుగుపొరుగు తమకూ కావాలన్నారు. అలుగు మీద గుండ్రటి సుడులు సుడులుగా మెరుగు పెట్టడం అతని అలవాటు. ఆ సుడులను చూసి కత్తి ఎవరిదో ఊళ్లో గుర్తుపట్టేవాళ్లు. ఇంజన్ల కోసం సానబెట్టిన విద్య, వంటింటి కోసం మొదలైన కత్తి ఒకదానికొకటి ఊతమయ్యాయి. కొయ్య ఇంజన్ల కథలో డబ్బు లెక్క అంతా ఈ కత్తి చుట్టూనే తిరుగుతుంది. ఆ సంగతి తరవాత.

చేవ ఉన్న కొయ్య

కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర ఎందుకు ఎంచుకున్నారో మన చేతిపనివాళ్లకు తెలుసు. రెండూ మెత్తనివి, కత్తికీ ఉలికీ త్వరగా లొంగుతాయి. రోజంతా తిరిగే ఇరుసుకు మెత్తటి కొయ్య పనికిరాదు. రంధ్రం అరిగి గుడ్డు ఆకారంలోకి మారిపోతుంది. వార్థర్ మొదటి ఇంజన్లకు ఎంచుకున్నది అక్కడి నేల మీద పెరిగే నల్ల వాల్‌నట్. దాంట్లో తెల్లటి భాగాల కోసం వంటింట్లో సూపుకు కాచి పారేసే పశువుల ఎముకలు వాడాడు. చేతికి నాలుగు డబ్బులు ఆడాక ఎబొనీ, ఏనుగు దంతం వచ్చాయి.

ఎబొనీ కొయ్య నీళ్లలో వేస్తే మునుగుతుంది. వాల్‌నట్ తేలుతుంది. అంత దట్టమైన కొయ్యలో పీచు బిగువుగా ఉంటుంది కాబట్టి దారమంత సన్నటి మీట చెక్కినా అంచు రాలదు. మన అడవుల్లో బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు ఎబొనీ జాతిదే. దాని నల్లటి చేవకు బయటి దేశాల వ్యాపారుల్లో కోరమాండల్ ఎబొనీ అని పేరు. మన తీరం పేరు అలా కొయ్యకు అంటుకుంది.

ఎంత గట్టి కొయ్య అయినా ఒక గుణం మాత్రం పోదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఆ మార్పు పీచు పొడవునా దాదాపు సున్నా, అడ్డంగా మాత్రం ఎక్కువ. పచ్చి వాల్‌నట్ పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి నూటికి దాదాపు ఎనిమిది వంతులు, చెట్టు నడుమ నుంచి బెరడు వైపు ఐదున్నర వంతులు తగ్గుతుంది. ఆరిన కొయ్యలోనూ వానాకాలం, ఎండాకాలం తేడా ఎంతో కొంత ఉంటూనే ఉంటుంది. కొయ్య ఇంజను చేసేవాడికి దీంట్లోంచి రెండు సూత్రాలు వస్తాయి. కడ్డీలన్నీ పీచు పొడవునే కోయాలి, అప్పుడే వాటి పొడవు ఏ కాలంలోనూ మారదు. చక్రాన్ని ఒకే పలక నుంచి గుండ్రంగా కోయకూడదు. అలా కోస్తే ఒక దిక్కున ఉబ్బి, ఇంకో దిక్కున ఉబ్బక, గుండ్రం చెడుతుంది. ఒక్కో ఆకునూ దాని పీచు వెంబడే కోసి, నడిమి దిమ్మలో గుచ్చి, చుట్టూ కమ్మి బిగించాలి. ఎడ్లబండి చక్రం చేసిన మన పల్లె వడ్రంగికి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. బండి చక్రానికి ఎందుకు ఆకులో, రెండంగుళాల కొయ్య చక్రానికీ అందుకే ఆకులు.

ఇక్కడ కొలతలు ఎంత చిన్నవో ఊహించుకోవాలి. అడుగుకు అర అంగుళం లెక్కన నమూనా చేస్తే, అసలు ఇంజనులో ఐదున్నర అడుగుల పైచిలుకు ఎత్తున్న చక్రం రెండు ముప్పావు అంగుళాలకు వస్తుంది. మనిషి పిడికిలంత మందమున్న మేకు మిరియపు గింజ పక్కన పెట్టి చూడదగ్గంత అవుతుంది.

నూనె లేకుండా తిరగడం

కొయ్య మీద కొయ్య రాసుకుంటే అరుగుతుంది, కీచుమంటుంది. నూనె వేస్తే కొయ్య తాగి ఉబ్బుతుంది, ఉబ్బితే పట్టేస్తుంది. ఇరుసు తిరిగే చోట ఇనుప బుష్ పెట్టేస్తే సమస్య ఉండదు, కానీ అప్పుడది కొయ్య ఇంజను కాకుండా పోతుంది. వార్థర్‌కు దారి దొరికింది మిల్లుల ప్రపంచంలోనే. ఆ రోజుల్లో కార్ఖానాల్లో పట్టీలు తిరిగే కప్పీలకు నూనె ఇంకిన కొయ్య బేరింగులు వాడేవాళ్లు. ఆర్గుటో అనేది వాటి పేరు. రాపిడికి కాస్త వేడెక్కగానే లోపలి జిడ్డు పైకి వచ్చి ఇరుసును తడుపుతుంది. నూనె డబ్బాతో మనిషి తిరగక్కర్లేదు.

కొయ్య బేరింగు అంటే ఏదో బీదవాడి ఉపాయం అనుకోనక్కర్లేదు. ఆవిరి ఓడల్లో ప్రొపెల్లర్ కడ్డీ నీళ్లలోకి దిగే చోట లోహం బేరింగులు త్వరగా అరిగిపోతుంటే, 1850ల్లో బ్రిటన్‌లో జాన్ పెన్ అనే ఇంజనీరు లిగ్నమ్ వైటీ అనే బంక గల కొయ్యను పెట్టి చూపించాడు. వేల టన్నుల ఓడలు వంద ఏళ్ల పైగా ఆ కొయ్య మీదే తిరిగాయి. వార్థర్ అదే జాతి జ్ఞానాన్ని చిటికెన వేలంత ఇరుసుకు దించాడు. అతను అమర్చిన ఆర్గుటో బేరింగుల మీద ఆ ఇంజన్లు దశాబ్దాలుగా ప్రేక్షకుల ముందు తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను రూపం చూసి ముగ్ధులయ్యేవాళ్లు చాలామంది. పైకి కనిపించని ఈ ముక్క లేకపోతే ఆ రూపం ఒక్క ఏడాది కూడా కదిలి ఉండేది కాదు.

రైలు కంపెనీ వచ్చిన ఏడాది

1923లో న్యూయార్క్ సెంట్రల్ రైలు కంపెనీ వార్థర్‌ను వెతుక్కుంటూ వచ్చింది. అతని ఇంజన్లను తమ మార్గాల మీది ఊళ్లలో తిప్పి జనానికి చూపిస్తామంది. అతను మిల్లు పని మానేసి వెంట వెళ్లాడు. ఆ తరవాత న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో రెండున్నరేళ్ల పాటు ప్రదర్శన సాగింది. రోజూ లక్షల అడుగులు తొక్కే ఆ స్టేషన్‌లో, రైలు కోసం పరుగెత్తే జనం నిలబడి కొయ్య పిస్టన్ ఆడటం చూశారు. రైలు కంపెనీకి ఇందులో లాభం తేటతెల్లం. తాము నడిపే యంత్రం చరిత్రను ఒక కార్మికుడు చేత్తో చెక్కి చూపిస్తుంటే అంతకంటే మంచి ప్రచారం ఉండదు.

ఆ పేరు హెన్రీ ఫోర్డ్ దాకా వెళ్లింది. ఫోర్డ్ పాత యంత్రాలను, పాత పనిగదులను కొని ఒకచోట చేర్చుతున్న రోజులవి. వార్థర్ ఇంజన్లన్నీ కొంటాననీ, జీతం కూడా ఇస్తాననీ అడిగాడు. వార్థర్ ఒప్పుకోలేదు. ఇంటికప్పు కారడం లేదు, పస్తులు లేవు, మా ఆవిడకు కావలసిన గుండీలన్నీ ఉన్నాయి, ఇక డబ్బెందుకు అన్నది అతని ధోరణి. గుండీల మాట పరిహాసం కాదు. ఫ్రీడా గుండీలు సేకరించేది. డెబ్బై వేలకు పైబడిన గుండీలను రకరకాల ముగ్గుల్లా పలకల మీద కుట్టి అమర్చింది. ఆ ఇంట్లో చేతిపని ఒక్కరి పిచ్చి కాదు.

వార్థర్ డోవర్‌కు తిరిగి వచ్చాడు. మిల్లుకు మళ్లీ వెళ్లలేదు. పొట్ట గడవడానికి కత్తులు చేశాడు. ఇంజన్ల కోసం నేర్చుకున్న ఉక్కు పని ఇప్పుడు ఇల్లు నడిపింది. వంటింటి కత్తుల గిరాకీ ఊరు దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు వెయ్యికి పైగా కమాండో కత్తులు చేసి ఇచ్చాడు. ఇంజను మాత్రం ఒక్కటీ అమ్మలేదు.

వరస ముగిసిన చోట

ఆవిరి చరిత్ర వరసలో చివరిది యూనియన్ పసిఫిక్ కంపెనీ బిగ్ బాయ్. 1941 నుంచి 1944 దాకా న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో అలాంటివి 25 తయారయ్యాయి. వెనకబండితో కలిపి దాదాపు 132 అడుగుల పొడవు. బండిని లాగే చక్రాలే పదహారు, ఎనిమిదేసి చొప్పున రెండు జట్లు. అంత పొడుగు ఇంజను మలుపుల్లో తిరగాలంటే ముందు జట్టు విడిగా పక్కకు ఆడాలి. అంటే ఇంజను నడుముకే ఒక కీలు. పట్టకారుతో మొదలుపెట్టిన మనిషికి వరస చివర దొరికిన కీలు అది. దాన్ని చెక్కి ముగించేనాటికి వార్థర్‌కు అరవై ఎనిమిదేళ్లు. మన చిత్తరంజన్ కార్ఖానా 1950లో ఆవిరి ఇంజన్లు చేయడం మొదలుపెట్టి 1972 దాకా చేసింది కానీ, అమెరికాలో అప్పటికే డీజిల్ రాజ్యం వచ్చేసింది. న్యూయార్క్ సెంట్రల్ తన చివరి ఆవిరి ఇంజనును 1957లో ఆపేసింది. బిగ్ బాయ్‌లు 1959లో సరుకు లాగడం మానేశాయి.

యంత్రాల వరస అయిపోయాక వార్థర్ రైలు చరిత్రలోని ఘట్టాలకు మళ్లాడు. 1869 మే 10న అమెరికాలోని ప్రొమంటరీ దగ్గర తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ కలిసిన సన్నివేశం వాటిలో ఒకటి. ఎనభయ్యో ఏట, అమెరికా అధ్యక్షుడు లింకన్ చనిపోయిన నూరేళ్లకు, అతని పార్థివ దేహాన్ని తీసుకెళ్లిన రైలును చెక్కాడు. వీటిలో దంతం ఎక్కువగా వాడాడు. ఆ రోజుల్లో దానికి అడ్డు లేదు. 1989లో దేశాల మధ్య ఏనుగు దంతం వ్యాపారాన్ని నిషేధించారు. ఇప్పుడు ఎవరైనా ఆ దారిలో వెళ్లాలనుకుంటే వార్థర్ మొదటి రోజుల్లో వాడిన ఎముక ముక్కే మంచి దారి. తెలుపుకూ తెలుపు, గట్టికీ గట్టి.

ఇంటి పనిగదిలో కొయ్య ఇంజను మొదలుపెట్టాలనుకునేవాళ్లకు అతని పని క్రమం ఒక పాఠం. చాలామంది బాయిలరు, పొగగొట్టం, డ్రైవరు గది ముందు చేసి, అవి అందంగా కుదిరాక చక్రాల జోలికి వెళ్తారు. అప్పటికి కొలతలు స్థిరపడిపోయి కడ్డీలకు చోటు మిగలదు. ముందు ఒక సిలిండరు, ఒక కడ్డీ, ఒక చక్రం పలక మీద అమర్చి చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడా పట్టకుండా చుట్టు తిరిగితే రెండో వైపు చేయాలి. పావుచుట్టు కుదిరాక చట్రం, చట్రం కుదిరాక పైరూపం. కొయ్యను కోసిన వెంటనే వాడకుండా పనిగదిలోనే కొన్ని నెలలు ఆరనివ్వాలి. బేరింగు చోట వేరే జాతి కొయ్య పెట్టాలి, ఒకే కొయ్య తనను తాను త్వరగా తినేస్తుంది.

వార్థర్ ఇంజన్లు ఇవాళ డోవర్‌లోనే, అతని ఇంటి ఆవరణలోని మ్యూజియంలో ఉన్నాయి. అతని వారసులు అక్కడే వంటింటి కత్తులు చేసి అమ్ముతున్నారు. అమ్మే వస్తువు కత్తి కాబట్టే అమ్మకూడని ఇంజను నిలిచింది. ఒక్కోటి ఒక్కో శ్రీమంతుడి హాలుకు చేరి ఉంటే అవి అందమైన కొయ్యపనులుగా మిగిలేవి. హీరో గోళం పక్కన మొదలై బిగ్ బాయ్ దగ్గర ఆగే ఆ వరసను ఒకే చూరు కింద నడుచుకుంటూ చూసినప్పుడే, ఆవిరి యంత్రం రెండు వేల ఏళ్లలో ఒక్కో కీలూ తగిలించుకుంటూ ఎలా పెరిగిందో అర్థమవుతుంది. ఆ వరస చెడకుండా కాపాడింది వాళ్లమ్మ కోసం చేసిన కూరగాయల కత్తి.